గొలుసుకు దండం పెట్టించిన ఈరన్న

ఈరన్న ఇక లేడన్న వార్త నాకు క్రేను క్యాబిన్‌లో ఉండగా ఫోనులో చేరింది. కోడుమూరు దగ్గర సొంత ఊళ్లో, నిద్రలోనే గుండె ఆగిందట. నిచ్చెన దిగివచ్చి చెబితే కిందివాళ్లంతా నవ్వారు. "పొద్దున్నే మొదలుపెట్టినావా సుబ్బన్నా? ఇంగ చాల్లేప్పా," అన్నాడు వెల్డరు ఓబులేసు. ఇన్నేళ్లుగా నోటికొచ్చిన కోతలు కోసినందుకు ఫలితమది. చివరికి ఈరన్న ఇంటికే ఫోను కలిపి ఓబులేసు చెవి దగ్గర పెట్టాను. అవతల ఏడుపు విని వాడు అక్కడే కూలబడ్డాడు.

కర్నూలు శివారులో ఇనుప దూలాలు తయారుచేసే షెడ్డు మాది. దూలాలకు గొలుసులు కట్టించి, పైనున్న నాకు సైగ చేయడం ఈరన్న విధి. ఆ ఘోషలో మాట వినపడదు. దూలం చాటున ఎవరి చెయ్యి ఎక్కడుందో నాకు కానరాదు. ఆయన హస్తమే నా నేత్రం. ఆ ఎడమ హస్తానికి రెండు వేళ్లు లేవు.

ఆ వేళ్ల గురించి కొత్తగా చేరినవారికి తలా ఒక కథ చెప్పేవాణ్ణి. నల్లమలలో చిరుతతో కుస్తీ పట్టాడని ఒకరికి, మైదుకూరులో పరుగెత్తే లారీని ఒంటిచేత్తో నిలిపాడని మరొకరికి. ఈరన్న అడ్డు చెప్పేవాడు కాదు. నా కథ అయ్యాక కొత్తవాణ్ణి పక్కకు పిలిచి, "చిరుత కాదప్పా, గొలుసు. కడప కాడ షెడ్డులో పోయినాయి. బిగుసుకుంటాండే గొలుసు కొంచెం జరిగితే సర్దబోయినా. ఆ సర్దాలనే బుద్ధి ఉండాది చూడు, అదే వేళ్లను తినేది," అనేవాడు.

ఆ బుద్ధిని జయించడానికి ఆయన మొదట పెట్టిన నియమం, గొలుసు బిగిసేదాకా అందరూ రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకోవాలని. మావాళ్లు భగ్గుమన్నారు. "పొద్దున్నే నెత్తిన చేతులు పెట్టుకునేదానికి, మా ఇంట్లో ఎవురు పోయినారప్పా?" అన్నాడు ఓబులేసు. ఈరన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, దండం పెట్టండి. దండం పెట్టే చెయ్యి గొలుసు కాడికి పోదు."

నాటినుంచి అదే మా ఆచారం. అందరూ చేతులు జోడించాకే నాకు సైగ వచ్చేది. ఒకసారి యజమాని చుట్టాలు వచ్చి, దూలానికి మొక్కుతున్న మమ్మల్ని చూసి విస్తుపోయారు. నేనూరుకుంటానా? ఆ ఇనుములో అమ్మవారుందనీ, దండం పెట్టకపోతే దూలం లేచిపోయి తుంగభద్రలో మునుగుతుందనీ చెప్పాను. వాళ్లలో ఒక పెద్దావిడ మరుసటిరోజు కొబ్బరికాయ పంపింది. ఈరన్న గంభీరంగా అందుకుని నా చేతికిచ్చాడు. "కొట్టు. కొట్టేటప్పుడు వేళ్లు చూసుకో." ఆయన పనిచేసినన్నాళ్లూ ఆ షెడ్డులో ఎవరి చెయ్యీ నలగలేదు.

ఆయన పోయాక తొలి దూలం ఎత్తే రోజు వచ్చింది. ఈరన్న స్థానంలో కడపనుంచి వచ్చిన మద్దిలేటి కింద నిలబడి సైగ చేశాడు. ఎవరూ చేతులు జోడించలేదు. నేను క్రేను కదపలేదు. సూపర్‌వైజరు కేకలేస్తూ నిచ్చెన దగ్గరికొచ్చాడు. క్రేనులో ఉడుత దూరిందని చెబుదామనుకున్నాను. ఆ కోత మానుకున్నాను. దిగివచ్చాను.

"వాళ్ల చేతులు నాకు కనపడవు సార్. దండం పెట్టమనండి."

"ఆ దండాలు ఆయనతోనే పోనీలేప్పా. లేటయితాంది."

"లేటయితే కానీండి. వేళ్లు పోతే యాడినుంచి తెస్తారు?"

గొలుసు మీద చెయ్యి వేసి నిలబడ్డ ఓబులేసు, దాన్ని వదిలి చేతులు జోడించాడు. మిగతావాళ్లూ జోడించారు. నేను మళ్లీ క్యాబిన్‌లోకి ఎక్కాను. మద్దిలేటి అందరినీ ఒకసారి కలయజూసి, అప్పుడు చెయ్యెత్తాడు.

దూలం క్షేమంగా దిగింది. అందరూ టీకి పోయారు. నాకు దిగబుద్ధి కాలేదు. ఆ పుణ్యమూర్తి ఋణం మా ప్రతి చేతి మీదా ఉంది. ఆయన పని చేయడానికి మనిషి దొరికాడు, బాగానే చేస్తాడు. ఈరన్న మాత్రం దొరకడు. కింద టీ గ్లాసులు పట్టుకున్న చేతుల్ని క్యాబిన్‌లోనుంచి చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.