తెనాలి నుంచి రేపల్లె పెళ్ళికి: బాపట్లలో పోయిన కారు తాళం

మా చెల్లి సునీత పెళ్ళి ఈ మే నెలలో రేపల్లెలో జరిగింది. చర్చిలో ఆరాధన సాయంత్రం ఐదింటికి. ఇంట్లో వాళ్ళంతా ముందురోజే ప్యాసింజర్ రైల్లో వెళ్ళిపోయారు. పెళ్ళి జాకెట్టు కుట్టడం ఆలస్యమవడంతో నేను తెనాలిలో ఆగిపోయాను. తెల్ల పట్టుచీర, తాళిబొట్టు, ఉంగరాలు తీసుకెళ్ళే బాధ్యత కూడా నామీదే పడింది. అదీకాక బాపట్లలో ఉండే మా పెద్దమ్మ రత్నమ్మను ఎక్కించుకోవాలి. ఆవిడ రిటైరైన నర్సు. మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్లెక్కలేదు. అందుకే తెనాలి నుంచి నేరుగా రేపల్లె వెళ్ళే దారి వదిలి, పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కణ్నుంచి చెరుకుపల్లి మీదుగా రేపల్లె అనుకున్నాను. ఈ చుట్టుదారిలో వెళ్ళేవాళ్ళు దారిలో ఆగే సమయం కాకుండా మూడు గంటలైనా చేతిలో ఉంచుకోవాలి.

ఉదయం ఏడింటికి బయల్దేరాను. ఎండ ముదరకముందే పొన్నూరు దాటాను. కారు నాకు కొత్త. అంటే సెకండ్‌హ్యాండ్‌లో కొని మూడు నెలలైంది. అమ్మినాయన ఒక్క తాళమే ఇచ్చాడు. రెండోది ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయిందన్నాడు. కాలేజీలో పాఠాలు చెప్పుకునేదాన్ని, నాకదేమీ పెద్ద విషయంగా తోచలేదు.

పెద్దమ్మ ఇంట్లో ఇడ్లీ తిని, ఆవిడను ఎక్కించుకుని స్టేషన్ రోడ్డులో పూలకొట్ల ముందు ఆపాను. పెళ్ళికూతురికి తెల్ల గులాబీల గుత్తి పెద్దమ్మ అక్కడ చెప్పి ఉంచిందట. ఇద్దరం దిగి కారు లాక్ చేశాం. ముహూర్తాల రోజు కావడంతో కొట్ల ముందు కాలు పెట్టే సందు లేదు. గుత్తి తీసుకుని, డబ్బులిచ్చి, తిరిగొచ్చి హ్యాండ్‌బ్యాగు పక్క అరలో చెయ్యి పెట్టాను. తాళం లేదు.

మొదట నవ్వొచ్చింది. బ్యాగంతా బానెట్ మీద బోర్లించాక నవ్వు పోయింది. పూలకొట్టు బల్ల కింద, కాలవ అంచున, మేం నడిచిన దారంతా వెతికాను. కొట్టువాళ్ళు తడి ఆకులన్నీ ఎత్తి చూపించారు. అరగంట గడిచింది. చీర, తాళి, ఉంగరాలు డిక్కీలో ఉన్నాయి. అప్పుడే సునీత ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావక్కా? చీర ఇస్త్రీ నలగలేదు కదా?"

"లేదమ్మా, బాగానే ఉంది. బాపట్లలో ఉన్నాం, బయల్దేరుతున్నాం" అన్నాను.

పక్క వీధిలో ఆటో ఎలక్ట్రికల్ పనులు చేసే ఖాదర్ గారిని కొట్టువాళ్ళు పిలిపించారు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, అద్దంలోంచి లోపలికి చూశాడు.

"తలుపు తీసిస్తానండి, దానికేం లేదు. బండి స్టార్ట్ చెయ్యడం మాత్రం నా వల్ల కాదు మేడం."

"ఏంటండి, డూప్లికేట్ తాళం చెయ్యలేరా?"

"ఇనుప ముక్క కోయొచ్చండి. ఈమధ్య వచ్చే బళ్ళల్లో తాళం పిడిలో చిన్న చిప్ ఉంటుంది. తాళం తిప్పగానే బండి దాన్ని నంబరు అడుగుతుంది. సరైన జవాబు వస్తేనే ఇంజను అందుకుంటుంది. నేను చేసిచ్చే తాళం తలుపు తీస్తుంది గానీ బండిని కదిలించదు. కొత్త చిప్‌ని బండికి పరిచయం చేసే మిషను గుంటూరు షోరూం వాళ్ళ దగ్గరే ఉంది."

ఆయన ఇంకా మాట్లాడుతుండగానే కారు నాలుగు లైట్లూ రెండుసార్లు వెలిగి ఆరాయి. తలుపుల్లోంచి టక్కుమని శబ్దం వచ్చింది. లాకులు పైకి లేచాయి.

మేం ముగ్గురం కారుకి అడుగు దూరంలో నిలబడి ఉన్నాం. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఖాదర్ గారు గొంతు తగ్గించాడు. "మేడం, అటూ ఇటూ చూడకండి. మీ తాళం ఎవరి చేతిలోనో ఉంది. ఏ బండిదో తెలుసుకుందామని తాళం మీది మీట నొక్కారు. ఇది చాలా దూరం పనిచెయ్యదండి. మనిషి ఈ రోడ్డులోనే ఉన్నాడు."

చూడొద్దంటే కళ్ళు ఆగుతాయా? ఎదురుగా టీ తాగుతున్నాయన, స్కూటరు మీద కూర్చున్న కుర్రవాడు, చెరుకురసం బండి దగ్గర జేబులో చెయ్యి పెట్టుకున్న మనిషి. ఒక్కొక్కరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

"త్వరగా తలుపు తియ్యండి. కాసేపు ఎవరూ తియ్యకపోతే దానంతటదే మళ్ళీ లాకైపోద్ది" అన్నాడు ఖాదర్ గారు.

నేను తలుపు లాగి, సీటు పక్క మీట ఎత్తాను. డిక్కీ తెరుచుకుంది. సూట్‌కేసు బయటికి లాగి గుండెలకు హత్తుకున్నాను. ఇంతలో పెద్దమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, వార్డులో రోగుల బంధువుల్ని గదమాయించే గొంతుతో మొదలుపెట్టింది.

"ఆ, ఎస్సై గారా? అవునండి, స్టేషన్ రోడ్డే, పూలకొట్ల ముందేనండి. తాళం కొట్టేసినవాడు ఇక్కడే ఉన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళని రెండువైపుల నుంచీ పంపండి!"

ఫోన్లో అవతల ఎవరూ లేరు. రోడ్డు మాత్రం ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. స్కూటరు ఒకటి స్టార్టై వెళ్ళింది. టీ తాగుతున్నాయన గ్లాసు పెట్టి నడిచాడు. వాళ్ళలో ఎవరన్నా దొంగో కాదో నాకిప్పటికీ తెలీదు.

స్టీరింగ్ లాక్ పడిపోవడంతో కారుని పక్కకి తోయడానికి లేదు. ఖాదర్ గారు బానెట్ ఎత్తి బ్యాటరీ ఊడదీసి, తలుపుల లాకులు చేత్తో కిందికి నొక్కి మూసి, బ్యాటరీని భుజాన పెట్టుకున్నాడు. "ఇది నా షాపులో ఉంటుంది. కరెంటు లేకపోతే అసలు తాళం చేతిలో ఉన్నా బండి కదలదు. మీరెళ్ళి పెళ్ళి చూసుకోండమ్మా."

టాక్సీ దొరికేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. బాపట్ల నుంచి రేపల్లెకి తొమ్మిది వందలన్నాడు, బేరం ఆడలేదు. చెరుకుపల్లి దగ్గర రోడ్డు పనుల వల్ల చాలాసేపు ఆగిపోయాం. సూట్‌కేసు ఒళ్ళోంచి దించలేదు. మూడున్నరకి విడిదింట్లో అడుగుపెడితే సునీత తల దువ్వించుకుంటోంది.

"ఏంటక్కా, మొహం అలా ఉంది?"

"ఎండమ్మా" అంది పెద్దమ్మ నాకంటే ముందు. "లే, చీర కట్టుకో."

ఐదింటికి గంట మోగింది. చెల్లి తెల్లచీరలో గుత్తి పట్టుకుని నడుస్తుంటే నేను ఏడ్చాను. అందరూ చెల్లి కోసం అనుకున్నారు. సగం అదే.

మర్నాడు పొద్దున్నే ఖాదర్ గారు ఫోన్ చేశాడు. "మేడం, నిన్న మీరు డ్రైవర్ సీటు వెనక్కి జరిపారా?"

"లేదండి. నేను పొట్టిదాన్ని, ఎప్పుడూ ముందుకే ఉంచుతాను."

"నాదే తప్పండి. బ్యాటరీ తీసినా, తాళంతో తలుపు తియ్యొచ్చన్నది నాకు తట్టలేదు. ఎవడో లోపల కూర్చుని చూసి వెళ్ళాడు. బండి మాత్రం ఉంది."

పెద్దమ్మా నేనూ బాపట్ల చేరాక ముందు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. ఈసారి నిజంగా. మధ్యాహ్నం గుంటూరు నుంచి షోరూం మెకానిక్ ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. బండి కాగితాలు, నా గుర్తింపు కార్డు చూసి, స్టీరింగ్ కింద వైరు తగిలించి, తెర చూసి అడిగాడు.

"మీ కారులో రెండు తాళాలు నమోదై ఉన్నాయండి. రెండోది ఎక్కడుంది?"

అమ్మినాయన పోయిందన్న తాళం అది. మూడు నెలలుగా నా ఇంటి ముందు నిలబడిన కారుని తీసుకెళ్ళగల తాళం ఎక్కడో ఉంది. నేను దాని గురించి ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. అతను పాత రెండింటినీ చెరిపేసి, కొత్తగా రెండు తాళాలు నమోదు చేశాడు. పాతవి ఇక ఇంజనుని కదిలించలేవు, కానీ తలుపు తియ్యగలవు అన్నాడు. అందుకని తలుపుల లాకులు కూడా మార్పించాను. మొత్తం పదకొండు వేల దాకా అయింది. ఖాదర్ గారు బ్యాటరీ బిగించడానికి డబ్బు తీసుకోలేదు, ఆ సీటు సంగతి ఆయన్ని ఇంకా బాధపెడుతూనే ఉంది. సీటు ముందుకి జరుపుకుని కూర్చుంటే, నా ముందు అక్కడ కూర్చున్నవాడి ఒళ్ళు తగిలినట్టు జలదరించింది. తెనాలి చేరేదాకా అద్దాలు దించే నడిపాను.

ఇన్నాళ్ళూ తాళం నా బ్యాగులో ఉంటే కారు నాది అనుకునేదాన్ని. కారు దృష్టిలో మాత్రం తనకు గుర్తున్న చిప్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే యజమాని. అది మంచివాళ్ళ చేతిలో ఉందా, చెడ్డవాళ్ళ చేతిలో ఉందా అన్నది దానికి తెలియదు. ఆ సంగతి చూసుకోవాల్సింది మనమే. ఆ రోజు తాళం తీసిందెవరో, సీట్లో కూర్చుందెవరో నాకు తెలియకుండానే ఉండిపోయింది. అప్పుడప్పుడూ పొద్దున్నే తలుపు తీయగానే సీటు వైపు చూడటం అలవాటైపోయింది.

ఈ దారిన సొంత కారులో వెళ్ళేవాళ్ళకి, ముఖ్యంగా సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్ళకి ఒక్క మాట: డబ్బు చేతికిచ్చేముందే రెండు తాళాలూ అడగండి. ఒకటే ఉందంటే ఆ వారంలోనే షోరూంకి తీసుకెళ్ళి, కారులో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో చూపించమని అడిగి, మీ చేతిలో లేనిదాన్ని మీ కళ్ళముందే చెరిపించండి.