స్తానిమిరక్కకు ఎన్ని గొంతులు?

మా స్తానిమిరక్క ఇద్దరితో ఒకేలా మాట్లాడగా విన్నవాడు మా ఊళ్ళో లేడు. రొదోపి కొండల్లో రోడ్ల మీద మంచు తీసే బళ్ళ షెడ్డుకు ఆవిడ పెద్ద. నేను మెకానిక్కుని. చలికాలమంతా నాకు ఆవిడ గొంతులే వినోదం.

కుర్ర డ్రైవరు కాలిన్ కనిపిస్తే ఆవిడ పోలీసు. "ఒరేయ్, అద్దం తుడిచావా? చక్రాలకు గొలుసులు బిగించావా? ఏదీ, నా ముందు బిగించు!" అంతలోనే ముసలి డ్రైవరు మెతోడి వైపు తిరిగి కొత్త కోడలైపోయేది. "బాబాయ్, ఇవాళ ఎటు నుంచి మొదలుపెడదామంటావు?" తనూ ఆ కొండ మీదే పుట్టి, దారి ఆయన్ని అడిగేది!

ఇక నా ఇంజను మొరాయిస్తే పక్కన కూర్చుని మేజోళ్ళు అల్లుకునేది.

"అక్కా, ఏదైనా చెప్పరాదూ?"

"నాకేం తెలుసురా? నువ్వు చెప్పు, వింటాను."

చెబుతూ చెబుతూండగానే లోపమేదో నాకే దొరికేది.

మునిసిపాలిటీ షెడ్డుగా ఉన్నప్పుడూ అంతే, ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్ళాకా అంతే. కంపెనీవాళ్ళు రాజధాని సోఫియా నుంచి ప్లామెన్ అనే మేనేజరును పంపారు. బుద్ధిమంతుడే. వచ్చీ రాగానే, "మేడమ్, ఇది పక్షపాతం. అందరికీ ఒకే మాట, ఒకే మర్యాద" అన్నాడు.

"అలాగే బాబూ. రేపట్నుంచి మీరే చెప్పండి" అంది అక్క, అల్లిక అందుకుంటూ.

ఆ రేపే మంచు విరుచుకుపడింది. పైన కనుమలో పెళ్ళి బస్సు ఇరుక్కుపోయింది. లోపల పెళ్ళికూతురు, పసిపిల్లలు, ముసలమ్మలు. డీజిలు అయిపోతే అందరూ గడ్డకట్టుకుపోతారు.

మెతోడి ముందు, కాలిన్ వెనక బయల్దేరారు. ప్లామెన్ వైర్‌లెస్ అందుకుని, "మీ మీ విచక్షణ ప్రకారం చెయ్యండి" అన్నాడు. లోయ పక్క మొదటి మలుపులోనే కాలిన్ బండి ఆగిపోయింది. ప్లామెన్ కంగారుపడి ఇద్దరికీ అడుగడుగునా సూచనలివ్వడం మొదలుపెట్టాడు. ఈసారి మెతోడి ఆగిపోయాడు.

"నేను బండి పట్టేనాటికి నువ్వు పుట్టలేదోయ్! నువ్వే వచ్చి తోలు!"

ప్లామెన్ వైర్‌లెస్ అక్క చేతిలో పెట్టాడు.

"బాబాయ్, దారి నీది. ఎలా వెళ్ళావో దిగొచ్చాక చెబుదువుగాని" అంది ఆవిడ మెత్తగా. వెంటనే షెడ్డు రేకులు అదిరేలా, "ఒరేయ్ కాలిన్, దద్దమ్మా! మొదటి గేరు వెయ్! ఎడమకి! నీకు ఎడమంటే ఏదో తెలుసా? మంచు చూడకు, నా మాట విను!"

ప్రతి మలుపుకీ కొత్త తిట్టు. ఆఖరికి బళ్ళు బస్సును చేరేసరికి వైర్‌లెస్‌లో ఏదో కీచుమంది. పాడైందేమో అనుకున్నాను. కాదు, పెళ్ళివారు మంచులోకి దూకి గైదా అనే తిత్తి వాయిద్యం ఊదుతున్నారు!

బస్సు దిగివచ్చాక షెడ్డే పెళ్ళిపందిరైంది. నేను కాలిన్‌ను ఒక మూలకు లాగాను.

"అన్ని తిట్లు ఎలా పడ్డావురా?"

వాడు నవ్వాడు. "పోయిన శీతాకాలం ఆ మలుపులోనే బండి జారి లోయ అంచున వేలాడానన్నా. అప్పట్నుంచీ అక్కడ చేతులు బిగుసుకుపోతాయి. అక్కకొక్కదానికే చెప్పాను. ఆవిడ తిడుతుంటే ఇక భయపడ్డానికి తీరికెక్కడిది?"

ప్లామెన్ అంతా విన్నాడు. అక్క దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"మేడమ్, మరి నాకు ఏ గొంతు?"

అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. పొద్దుట్నుంచీ ఆయన ఏమీ తినలేదని మాలో ఎవరికీ తట్టనేలేదు.

"ఇంకా తేలలేదు నాయనా" అంటూ చీజు పెట్టిన బానిత్స రొట్టె ముక్క ఆయన నోట్లో కుక్కింది. "ముందు తిను."