ఊడదీసిన తీగలో వచ్చిన తూకాలు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా వీధిలో ఒక ఖాళీ ఇంట్లో దీపం దానంతట అదే వెలుగుతోందని అందరూ భయపడితే, నేను పోయి స్విచ్ బోర్డు విప్పి, వదులైన తీగ బిగించి వచ్చాను. ఇప్పటికీ నమ్మను. అయినా 2000 డిసెంబర్ 12, మంగళవారం నాడు చూసినదాన్ని చూడలేదని మాత్రం అనలేను.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా మరిదికి కంప్యూటర్ రిపేరు దుకాణం ఉండేది. కంప్యూటర్‌ను వేరే యంత్రాలకు కలిపే సీరియల్ కేబుళ్లను అక్కడ కావలసిన పొడవుకు చేసి ఇచ్చేవాళ్లం. తీగల కొసలకు కనెక్టర్లు సోల్డర్ చేసే పని, అంటే కాలే ఐరన్‌తో సీసం కరిగించి అతికించే పని, తొమ్మిదేళ్లు నాదే. ఏ రోజు ఎన్ని మీటర్లు చేశానో నోటుబుక్కులో ఉంది. చెడిపోయిందని ఒక్క కేబుల్ కూడా తిరిగి రాలేదు.

తర్వాత మా తోటికోడలు సుజాత దుకాణంలోకి వచ్చింది. సోల్డర్ అక్కరలేని కనెక్టర్లు హైదరాబాద్ నుంచి తెప్పించింది. తీగ కొస ఒలిచి, రంధ్రంలో దూర్చి, చిన్న స్క్రూ బిగించడమే. పొగ లేదు, వేళ్లు కాలడం లేదు. నెల తిరగకుండానే మరిది నాతో అన్నాడు. "వదినా, ఇగ నువ్వు కౌంటర్ల కూసో. కేబుళ్లు సుజాత చూసుకుంటది."

నా కుర్చీలో ఆమె కూర్చుంటే నాకు అన్నం సహించేది కాదు. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ మంగళవారం బోధన్ దారిలో ఒక చెరకు కాటాకు కేబుల్ వేయడానికి ఇద్దరం వెళ్లాం. బండ్లు ఎక్కి నిలబడే కాటా బయట, కంప్యూటర్ లోపలి గదిలో. మధ్యలో భూమిలో సన్నటి గొట్టం. కనెక్టర్ తగిలించిన కేబుల్ అందులో పట్టదు. ముందు ఉత్త కేబుల్ దూర్చి, కనెక్టర్ అక్కడే వేయాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కాటాకు, కంప్యూటర్‌కు బ్యాటరీ ఉంది గానీ, నా సోల్డరింగ్ ఐరన్‌ను కాటా గుమాస్తా దానికి పెట్టనివ్వలేదు. సుజాత స్క్రూడ్రైవర్‌తో పది నిమిషాల్లో ముగించింది.

గుమాస్తా నవ్వాడు. "పెద్దక్క పొయ్యి ముట్టించే లోపట చిన్నక్క వంట చేసి వడ్డించె!"

"ఊకో అన్నా, మా అక్క దగ్గరనే నేర్చుకున్న" అంది సుజాత. ఆ మాటతో నాకు ఇంకా మండింది.

ఆ కేబుల్ చెడిపోతే కాటాల పని మళ్లీ నా చేతికి వస్తుందనుకున్నాను. వాళ్లిద్దరూ చాయ్ తాగడానికి బయటికి పోగానే కంప్యూటర్ వెనుక కనెక్టర్ మూత విప్పాను. లోపలి తీగల్లో తూకం అంకెలను తెచ్చేది ఒక్కటే. స్క్రూ వదులు చేసి దాన్ని బయటికి లాగాను. కొసకు టేపు చుట్టి, వెనక్కి మడిచి, మూత పెట్టాను. అప్పుడు ఒంటిగంటా ఇరవై.

తెర మీద అంకె ఆగిపోవాలి. ఆగలేదు.

గుమాస్తా బయట చాయ్ తాగుతూనే బండ్లను కాటా మీదికి ఎక్కిస్తున్నాడు. బండి ఎక్కితే తెర మీద అంకె పెరిగింది, దిగితే సున్నా అయింది. కాటా డబ్బా మీది అంకె కిటికీలోంచి కనిపిస్తుంది. అక్కడ 2340 కిలోలు, తెర మీద 2340. తర్వాతి బండి 1985, తెర మీదా అంతే. లారీ 14620. అదీ అంతే. మూడూ రాసుకున్నాను. కీబోర్డును ఎవరూ ముట్టలేదు. కాటా నుంచి వచ్చే కేబుల్ ఇంకోటి లేదు.

మళ్లీ మూత విప్పాను. తీగ నేను మడిచినట్టే ఉంది. దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకున్నాను. నా కళ్ల ముందే ఇంకో బండి తూకం తెర మీద పడింది.

"ఏమైందక్కా?" వెనుక సుజాత. ఆమె వెనుక గుమాస్తా.

సుజాత నా వేళ్ల మధ్య తీగను చూసింది. దాని కొసకు చుట్టిన టేపును చూసింది. ఆ టేపు ఆమె దగ్గర లేదు, నా సంచిలోనే ఉంది. తర్వాత గుమాస్తా వైపు తిరిగింది.

"ఒక్క తీగ పెట్టుడు మర్చిపోయిన అన్నా. మా అక్క చూసి పట్టుకున్నది."

"అందుకే పెద్దోళ్లు ఉండాలె" అన్నాడు అతను నన్ను చూసి. సుజాత టేపు ఒలిచి, తీగ దూర్చి, స్క్రూ బిగించింది.

ఆ తర్వాత కేబుళ్లన్నీ ఆమే చేసింది. నేను కౌంటర్‌లో కూర్చున్నాను. ఆ తీగ లేకుండా తూకాలు వస్తాయా అని తెలిసిన ఇంజనీర్లను ఇద్దరిని అడిగాను. రావు, రాలేవు అన్నారు. ఎట్లా వచ్చాయో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

ఆ పని బాగా తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది. సుజాతను మాత్రం అడగలేదు. అడగాలంటే తీగను లాగింది నేనేనని ముందు నా నోటితో చెప్పాలి.