పథ్యంలో కోల్‌స్లా

మా అక్కకు పుట్టిన మొదటి బిడ్డ ఐదు రోజులు బతికింది. ఆ తర్వాత అక్క తిండి మానేసింది. ఇప్పుడు అక్క కూడా లేదు. అమ్మా నాయనా చాలా ముందే పోయారు. ఆ నెల మా ఇంట్లో ఏం జరిగిందో దగ్గరుండి చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. అందులో ఒక సంగతి రాసి పెట్టాలనిపించింది. అది ఒక క్యాబేజీ వంటకం గురించి. చిన్న విషయమే. కానీ అక్క పోయిన ఈ ఏడాదిలో నాకు ఎక్కువసార్లు గుర్తుకొచ్చింది అదే.

అప్పటికి మా తిరుత్తణి ఇంకా ఆంధ్రలోనే ఉంది. అక్కను ఇచ్చిన తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. పేరుకు రెండు రాష్ట్రాలు గానీ బస్సెక్కితే పొద్దెక్కేలోపు చేరిపోయే దూరం. రెండిళ్ళలోనూ మగ్గాలే. బావ మాత్రం మగ్గం గుంటలోకి దిగకుండా జవుళి కొట్లో పనికి కుదిరాడు. అక్క పురిటికి మా ఇంటికి వచ్చింది. నాకు పద్దెనిమిదేళ్ళు. బడి చదువు ముగించి, టీచరు ట్రైనింగుకు పిలుపు వస్తుందని ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను.

బిడ్డ పోయిన మరునాడు కూడా అమ్మ పథ్యం వంటే చేసింది. బాలింతకు మా వైపు తిండి వేరుగా వండుతారు. వేయించిన వెల్లుల్లి, మిరియాల కారం, పాలు పడాలని సొరచేప కూర, తాగడానికి కాచిన నీళ్ళు. పెరుగు లేదు. చల్లనిది ఏదీ లేదు. పచ్చిది అసలే లేదు. ఇదంతా నలభై రోజులు నడవాలి. తాగే బిడ్డ లేదు గానీ పాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. అక్క రవిక తడిసి, ఆరి, గట్టిపడేది. అమ్మ ఆ రవికలను ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే ఉతికి, పెరట్లో ఒక మూలగా ఆరేసేది. తర్వాత లోపలికి వచ్చి మళ్ళీ వెల్లుల్లి వేయించేది.

అక్క రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని పళ్ళెం జరిపేసేది. కొన్నాళ్ళకు ఆ రెండు కూడా లేవు.

"తిను పాపా. పచ్చి ఒళ్ళు. ఇప్పుడు తినకపోతే రేపు లేచి నడవలేవు" అనేది అమ్మ.

"ఎవురికి మా, ఈ పాలు?" అని ఒకసారి అడిగింది అక్క. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

అమ్మ ఆ పళ్ళెం తీసుకుపోయింది. మధ్యాహ్నం మళ్ళీ అదే వండింది.

అక్క చేతి గాజులు మోచేతి దాకా జారేవి. నాయన మగ్గం మీద నుంచి లేచి వచ్చి గడప దగ్గర నిలబడి చూసి, వెళ్ళి మళ్ళీ కూర్చునేవాడు. వైద్యుడు వచ్చి చూసి, జబ్బేమీ లేదు, తినాలి, అంతే అన్నాడు. ఆ మాట మాకందరికీ తెలిసిందే.

బిడ్డ పోయిన రెండో ఆదివారం బావ వచ్చాడు. పెద్దల ముందు భార్యతో నేరుగా మాట్లాడే అలవాటు ఆ రోజుల్లో లేదు. అందుకని అక్కకు చెప్పాల్సిన మాటలన్నీ బావ నాతో చెప్పేవాడు. అక్క మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. బావ కుర్చీలో కూర్చుని, కాసేపు చేతులు చూసుకుని, నన్ను పిలిచాడు.

"ఏం పాపా, మీ అక్క మద్రాసులో చేసిన ఘనకార్యం నీకు చెప్పిందా?"

"లేదు బావా."

"పెళ్ళైన కొత్తలో పోయినాము కదా. సెంట్రల్ దగ్గర ఒక ఇంగ్లీషు హోటలు, మేడ మీద. తెలీక ఎక్కేసినాము. దిగిపోతే నవ్వుతారని కూర్చున్నాము. పళ్ళెం పక్కన చిన్న గిన్నెలో తెల్లగా ఏందో పెట్టినాడు. నేను పెరుగుపచ్చడి అనుకున్నాను. చూస్తే పచ్చి ముట్టకోసు. సన్నంగా తరిగి, తెల్లని సాసులో కలిపినారు. నాకు నోట్లో పెట్టబుద్ధి కాలేదు. మీ అక్క ఉండాదే..."

"నీది కూడా నేనే తినేసినాను" అంది అక్క, గోడ వైపు నుంచే.

బావ అక్క వైపు చూడకుండా నాతోనే అన్నాడు. "తిని, ఇంకో గిన్నె ఇస్తారేమో ఆ సర్వరును అడగమనింది. నేను అడగలేదు. సిగ్గు పడినాను."

"అడిగుంటే ఇచ్చుండును."

"ఇచ్చుండును" అన్నాడు బావ.

బిడ్డ పోయాక అక్క అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. నేను మంచం దగ్గరికి వెళ్ళి అడిగాను, ఇప్పుడు ఆ ముట్టకోసు, అదే క్యాబేజీ, ఇస్తే తింటావా అని. "చల్లగా ఉండింది మే. అది దిగుతాదేమో" అంది అక్క.

మా వీధి చివర ఒక ముసలాయన ఉండేవాడు. అరక్కోణంలో రైల్వే దొరల బంగళాల్లో ముప్ఫై ఏళ్ళు వంట చేసి వచ్చినవాడు. అందరూ బట్లరు తాత అనేవాళ్ళు. బావ సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. మరునాడు పొద్దున్నే నేను తాత దగ్గరికి వెళ్ళి బావ చెప్పిన వంటకం గురించి అడిగాను.

"దాని పేరు కోల్‌స్లా పాపా" అన్నాడు తాత. "ఆదివారమైతే దొరల బల్ల మీద అది ఉండి తీరాల."

"ఎట్ల చేస్తారు తాతా?"

"మొదటిసారి చేసినప్పుడు నేను ఆవాలు, ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టేసినాను. దొరసాని చూసి, బట్లర్, ఇది నువ్వే తిను అనింది. తిన్నాను. బాగనే ఉండింది." నవ్వి, మళ్ళీ పని మాటలోకి వచ్చాడు. "అంతా సాసులోనే ఉండాది. గుడ్డులో పచ్చసొన మాత్రం తీసుకో. రవ్వంత ఆవపొడి, ఉప్పు. చెనిక్కాయల నూనె చుక్క చుక్కగా వెయ్యాల. వేస్తానే ఫోర్కుతో ఒకే పక్కకు తిప్పతా ఉండాల. తొందరపడితే విరిగిపోతాది. వెన్న మాదిరి గట్టిపడినాక నిమ్మరసం, చక్కెర. తరిగిన ముట్టకోసులో కలిపెయ్. అంతే."

"ముట్టకోసుకు ఏం చెయ్యక్కరలేదా?"

"ముట్టకోసు సంగతి కింద పనివాడు చూసుకునేవాడు. నా పని సాసు" అన్నాడు తాత, కొంచెం బిగువుగా. ఒక పింగాణీ గిన్నె, ఒక ఫోర్కు ఇచ్చి పంపాడు.

నాయనతో మాత్రం చెప్పాను. ఆయన మగ్గం మీద నుంచి లేచి బజారుకు పోయి, తెల్లగా గట్టిగా ఉన్న క్యాబేజీ ఒకటి పట్టుకొచ్చాడు. "మీ అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు" అన్నాడు.

పెరటి పంచలో కూర్చుని చేశాను. మొదటి గుడ్డుతో చేసిన సాసు విరిగిపోయింది. నూనె ఒక పక్క, సొన ముద్ద ఒక పక్క. రెండోది కుదిరింది. అరగంట తిప్పగా తిప్పగా నిజంగానే వెన్నలా అయింది. సగం క్యాబేజీ తరిగి అందులో కలిపాను. అప్పుడే అమ్మ బిందెతో పెరట్లోకి వచ్చింది.

"ఏంది మే అది?"

"అక్కకు."

అమ్మ వంగి గిన్నెలోకి చూసింది. "పచ్చి ముట్టకోసా? బాలింతకా? ఇంత చదువుకొని నీకిది తెలవదా? రేపు దానికి వాతం కమ్మితే యాడికెత్తుకొని పొయ్యేది?"

"తింటాననింది మా."

"అది ఏమైనా అడుగుతాది. పథ్యం నలభై రోజులు నడవాల."

"ఎవురి కోసం మా? బిడ్డ లేదు కదా."

ఆ మాట అప్పటిదాకా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నేను అన్నాను. అమ్మ బిందె కింద పెట్టింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. తుడుచుకున్నాక కూడా తుడుచుకుంటూనే ఉంది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మది మొండితనం అనుకున్నాను ఆ రోజున. పథ్యం వండినన్నాళ్ళు ఆ ఇంట్లో ఒక బాలింత ఉన్నట్టే, అంటే ఒక బిడ్డ పుట్టినట్టే. అది ఆపేస్తే ఆ ఐదు రోజులకు గుర్తుగా ఇంట్లో ఇంకేమీ మిగలదు. నాకు పిల్లలు పుట్టాక గానీ ఇది తట్టలేదు. అప్పటికి అమ్మ లేదు.

గిన్నె అక్క దగ్గరికి తీసుకెళ్ళేసరికి క్యాబేజీ నీళ్ళు వదిలేసింది. అంతసేపు తిప్పిన సాసు పలచటి మజ్జిగలా అడుగున చేరింది. అక్క లేచి కూర్చుంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది.

"ఇదే మే. కానీ నీళ్ళు నీళ్ళుగా ఉండాది." నా ముఖం చూసి, "బాగుండాది. మళ్ళా తింటాను" అని గిన్నె నా చేతికిచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంది. వెనక్కి చూస్తే గడపలో అమ్మ ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

మరునాడు పొద్దున నేను లేచి వచ్చేసరికి పొయ్యి మీద వెల్లుల్లి వాసన లేదు. అమ్మ పెరటి పంచలో కత్తిపీట ముందు కూర్చుని, మిగిలిన సగం క్యాబేజీ తరుగుతోంది. నేను తరిగినట్టు కాదు. నూలు పోగుల్లా తరుగుతోంది. తరిగిందంతా పళ్ళెంలో పరిచి ఉప్పు చల్లింది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి క్యాబేజీ చెమర్చింది. అమ్మ దాన్ని ఒక గుడ్డలో వేసి మూట కట్టి, రెండు చేతులా మెలి తిప్పింది. గంజి పెట్టే ముందు తడి నూలు చిలపలను ఎలా పిండుతుందో సరిగ్గా అలాగే. నీళ్ళు ధారగా కారాయి.

"నీళ్ళు పిండకుండా నూలును గంజిలో వేస్తే ఏమైతాది?" అంది.

"గంజి పలచబడిపోతాది."

"మగ్గాల ఇంట్లో పుట్టి ఇది అడిగించుకుంటావు. ఇదీ అంతే."

నేను సొన తీసి తిప్పటం మొదలుపెట్టాను. ఎడమ చేత్తో నూనె గిన్నె పట్టుకోబోతే అమ్మ నా చేతిలోంచి తీసుకుంది. నూనె తనే వదిలింది. ఒక్కొక్క చుక్క. నేను తిప్పటం ఆగితే తనూ ఆగేది. అంత దగ్గరగా కూర్చున్నాం, అమ్మ ఊపిరి నా చెవికి తగులుతోంది. ముందురోజు అన్న మాటకు అప్పుడు ఏమైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు. అమ్మ కూడా ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

కలిపిన గిన్నెను నీళ్ళ కుండ కింద తడి ఇసుకలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పింది. ఎండ నడినెత్తికి వచ్చాక అమ్మే తీసుకెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

అక్క గిన్నెలోకి చూసింది. తర్వాత అమ్మ ముఖంలోకి చూసింది.

"నువ్వు చేసినావా?"

"పిండింది నేను. తక్కినదంతా మీ చెల్లెలు."

"మరి పథ్యం?"

అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. "అయిపోయింది పాపా. ఇంక చాలు" అంది.

అక్క ఆ మాట విని గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత వేళ్ళతో తీసుకుని తినడం మొదలుపెట్టింది. తింటూండగానే కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. బిడ్డను తీసుకుపోయిన రోజున కూడా అక్క ఏడవలేదు. ఇప్పుడు తుడుచుకోలేదు, తినడమూ ఆపలేదు. ఏడుపుకూ నమలడానికీ మధ్య ఊపిరి పీల్చుకోవడానికి ఒకసారి ఆగింది, అంతే. అమ్మ ఊరుకోమని అనలేదు. అక్క కాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.

సగం అయ్యాక అమ్మ అడిగింది. "దాంట్లో ఏమన్నా రుచి ఉండాదా?"

అక్క కొంచెం తీసి అమ్మ నోట్లో పెట్టింది. అమ్మ మెల్లగా నమిలింది. మింగడానికి కొంత సమయం పట్టింది.

"అన్నంలోకి పనికిరాదు" అంది.

అక్క నవ్వబోయింది. అది దగ్గయింది. దగ్గు తగ్గాక గిన్నె అడుగు వేలితో తుడిచి నాకుతూ అడిగింది.

"అన్నం ఉండాదా మా?"

"ఉండాది. కానీ అది మాకు వండింది. ఉత్త పప్పు."

"అదే పెట్టు."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఎంతకూ రాకపోతే వెళ్ళి చూశాను. పప్పన్నం కలిపిన పళ్ళెం ముందు పెట్టుకుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి పళ్ళెం నా వైపు జరిపింది. నేను తీసుకోలేదు. పక్కన కూర్చున్నాను. కాసేపటికి అమ్మ ముఖం తుడుచుకుని, ఆ పళ్ళెం తనే పట్టుకుని అక్క దగ్గరికి నడిచింది.