నేను తీసిన తరుగు

ఆ రోజుల్లో నేను రెండు చోట్ల బతికేవాణ్ని. ఒకటి మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాంటా గది. వడ్ల ట్రాక్టరు కాంటా ఎక్కగానే కంప్యూటర్‌లో బరువు చూసి చీటీ కొట్టి కిటికీలోంచి ఇవ్వడం నా ఉద్యోగం. రెండోది నా ఫోన్. అందులో నేను కమ్మరిని. కాంటా గదిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. "ఓ చీటీ" అనేవాళ్లు. ఫోన్‌లో మాత్రం నాకు సొంత కొలిమి, దాని వెనక రెండంతస్తుల ఇల్లు, గడప ముందు తెల్లగుర్రం, నెత్తిన నెమలి ఈక గుచ్చిన టోపీ ఉండేవి. (అసలు నెత్తిన అప్పటికే జుట్టు పల్చబడుతోంది. ఆ టోపీ మీద నాకు అంత మోజు ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది.) ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి ఏ బతుకు అసలుదో, ఏది కొసరో తేల్చుకునే తీరిక ఉండదు.

ఆ ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. వేలమంది ఒకేసారి ఫోన్లలో ఆడతారు. ఒక్కొక్కరూ ఒక మనిషి బొమ్మను ఎంచుకుని, దాన్ని ఊళ్లూ అడవులూ తిప్పుతూ, రాక్షసులతో కొట్లాడిస్తూ పెంచుకోవాలి. కొట్లాట చేతకానివాళ్లకు వృత్తులున్నాయి. నాకు కొట్లాట చేతకాదు (బస్సులో నా సీట్లో ఎవరైనా కూర్చుంటే సూర్యాపేట దాకా నిలబడే వెళ్లేవాణ్ని). అందుకని కమ్మరం పట్టాను. మొదట నెలల తరబడి మేకులు, గుర్రపు నాడాలు చేశాను. చేయి తిరిగాక కత్తులు, డాళ్లు. ఆటగాళ్లు కొండల్లో తవ్వి నీలిరాయి తెచ్చేవాళ్లు. నేను దాన్ని కొలిమిలో కరిగించి వాళ్లడిగిన ఆయుధం చేసి, కూలిగా కాయిన్లు తీసుకునేవాణ్ని. ఆ కాయిన్లు బయట ఒక చాయ్‌కి కూడా పనికిరావు. లోపల మాత్రం నేను షావుకారును.

మాకో జట్టు ఉండేది. దాన్ని సంఘం అనేవాళ్లం. ఆ పేరు పెట్టింది కోదాడ అక్క. ఆవిడకు కోదాడలో టైలరింగ్ షాపుంది, బయట నిజమైన మహిళా సంఘంలో కూడా ఆవిడే లీడరు. ఆదివారం మధ్యాహ్నం అందరం ఫోన్లలో మాట్లాడుకుంటుంటే వెనకాల ఆవిడ కుట్టుమిషన్ చప్పుడు వినబడుతూనే ఉండేది. ఇంకొకాయన ట్రాక్టరన్న. నేరేడుచర్ల దగ్గర రైతు, నాకన్నా పదేళ్లు పెద్ద. ఎప్పుడు మాట్లాడినా వెనకాల ట్రాక్టరు ఇంజను ఉండాల్సిందే, అందుకే ఆ పేరు. మేం ఎవరం ఎవరి ముఖమూ చూసుకోలేదు. నేను మిల్లులో పని చేస్తానని కూడా వాళ్లకు చెప్పలేదు. షావుకారు చీటీలు కొడతాడంటే బాగుండదు కదా.

ఇక నా పాపం సంగతి. ఒకసారి అమ్మ పాత కమ్మలు మార్పించి కొత్తవి చేయించుకుంటానంటే సూర్యాపేటలో ఒక నగల దుకాణానికి వెంట వెళ్లాను. అక్కడాయన పాతవి కరిగిస్తే తరుగు పోతుందన్నాడు. జీవితంలో దేనికీ తగ్గని మా అమ్మ ఆ ఒక్క మాటకు తలూపింది. ఇక మిల్లులో ఆ మాట రోజూ వినేదే. తేమ ఉందని, తాలు ఉందని బస్తాకు ఇన్ని కిలోలు తరుగు. మా వైపు బంగారం పట్టుకొచ్చినవాడూ, వడ్లు పట్టుకొచ్చినవాడూ ఆ మాట వినకుండా తిరిగి వెళ్లడు. ఆ వారంలోనే సంఘంలోకి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు డాలు చేయమని నూట పది రాళ్లు ఇచ్చాడు. డాలుకు నూరు చాలు. మిగిలిన పది తిరిగి ఇద్దామనే అనుకున్నాను, నిజం. మర్నాడు అతను "అన్నా, పది మిగలాలె గదా" అని అడిగేసరికి, ఎందుకో నోట్లోంచి "తరుగు పోయింది తమ్మీ" అని వచ్చేసింది. అతను "ఓ, గీడ గూడ ఉంటదా. సరే అన్నా" అన్నాడు.

ఆ "సరే అన్నా" నన్ను చెడగొట్టింది. (చూశారా, ఇప్పటికీ నెపం అతని మీదికే నెడుతున్నాను. చెడిపోయింది నేను.) ఆటలో తరుగన్నదే లేదు. నూరు రాళ్లు వేస్తే నూరు రాళ్ల పనీ జరుగుతుంది. కానీ మరో చోట ఆడేవాళ్లయితే అదేమిటని నిలదీసే విషయం, మా సంఘంలోని ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పుట్టినప్పటినుంచీ చెవిన పడిన మాట కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. నూటికి పది చొప్పున తీసి, ఆ రాళ్లను ఆటలోని అంగడిలో అమ్ముకున్నాను. సరుకు దాచిపెట్టి ధర పెంచడం కూడా నేర్చుకున్నాను. రెండో అంతస్తు అలా లేచింది. గుర్రమూ అలాగే వచ్చింది. ఒక్క కోదాడ అక్క మాత్రం ఒకనాడు మిషన్ ఆపి, "మా దగ్గర జాకెట్టు గుడ్డ మిగిలితే ముక్కలు తిరిగిచ్చేస్తాం తమ్ముడూ. నీ దగ్గర మిగిలింది ఎటు పోద్ది?" అంది. నిప్పుల్లో ఆవిరైపోతుందని చెప్పాను. ఆవిడ మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ట్రాక్టరన్నకు మేఘఖడ్గం కావాలి. ఆ కత్తి ఉంటేనే కొండకోట ముట్టడిలో సంఘంతో పాటు లోపలికి పోనిస్తారు, లేకపోతే కోట దిడ్డి తలుపు దగ్గరే నిలబడాలి. దానికి రెండు వందల రాళ్లు. ఆయన తవ్వేది పొలానికి నీళ్లు పెట్టి గట్టు మీద కూర్చున్నప్పుడో, డీజిల్ బంకు దగ్గర వరుసలో ఉన్నప్పుడో. అలా కొన్ని నెలలకు సరిగ్గా రెండు వందలు చేసి, ముట్టడికి మూడు రోజుల ముందు మురిసిపోతూ నా కొలిమికి వచ్చాడు. నేను తరుగు కింద ఇంకో ఇరవై తెమ్మన్నాను. అంతమందికి తీసి ఆయనకు తీయకపోతే నా గుట్టు బయటపడుతుంది మరి. ఆయన వాదించలేదు. "అవ్ గదా, తరుగు యాదికే లేదు" అని తననే తాను తిట్టుకుని వెళ్లిపోయాడు. మూడు రోజుల్లో ఆ ఇరవై కుదరలేదు. ముట్టడి నాడు మేమంతా లోపల కోట గెలిచి విందు చేసుకుంటుంటే ఆయన బొమ్మ దిడ్డి బయట నిలబడి చప్పట్లు కొట్టింది. నా నెత్తిన నెమలి ఈక ఊగుతూనే ఉంది.

వరికోతలు మొదలయ్యాయి. మిల్లు ముందు ట్రాక్టర్ల వరుస రోడ్డు దాకా పాకింది. ఒక మధ్యాహ్నం కాంటా దగ్గర గుమస్తాతో ఎవరో రైతు తరుగు గురించి గొడవ పడుతున్నాడు. అది రోజూ ఉండే గొడవే కనుక నేను తలెత్తలేదు. కానీ ఆ గొంతు, దాని వెనకాల ఆ ఇంజను చప్పుడు, రెండూ కలిసి చెవిన పడేసరికి నా వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"తరుగు తియ్యొద్దంటలేను సార్," అంటున్నాడాయన. "ఫోన్ల నేనొక ఆట ఆడుత. అండ్ల మా కమ్మరి తమ్ముడున్నడు. ఆయన గూడ తీస్తడు. కానీ ముందుగాల చెప్పి తీస్తడు. మీరు కాంటా అయినంక చెప్తరు."

గుమస్తా ఆ మిల్లులోనే పనిచేసి ముసలివాడైన మనిషి. ఆటలో తరుగేంటయ్యా, నిన్నెవడో ముంచుతున్నాడని పకపకా నవ్వాడు.

"ఆయన అసుంటోడు కాదు," అన్నాడు ట్రాక్టరన్న. నవ్వకుండా అన్నాడు.

ఆ క్షణంలో లేచి బయటికి వెళ్లి నిజం చెప్పానని రాయగలిగితే ఎంత బాగుండేది. నేను ప్రింటరు వైరు ఊడిందన్నట్టు బల్ల కిందికి దూరాను. చీటీ కోసం ఆయన కిటికీ దగ్గరికి రానే వచ్చాడు. గొంతు గుర్తుపడతాడేమోనని జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ చీటీ అందించాను. ఆయన వంగి నా వైపు చూసి, "జెరమొచ్చినట్టుంది తమ్మీ, అల్లం చాయ్ తాగు జర," అన్నాడు. అని ఊరుకోలేదు. ఎదురుగా ఉన్న హోటల్‌కు పోయి గ్లాసు పట్టుకొచ్చి కిటికీ గూట్లో పెట్టి వెళ్లాడు. తరుగు గొడవలో ఓడిపోయి వచ్చిన మనిషి.

ఆ చాయ్ తాగలేకపోయాను. గ్లాసు చేత్తో పట్టుకునే బయటికి పరుగెత్తాను. ఆయన అప్పటికే ట్రాక్టరు ఎక్కి కూర్చున్నాడు. ఇంజను హోరులో నేనే ఆ కమ్మరినని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది. అదే నాకు అన్నిటికంటే కష్టమనిపించింది. ఎందుకంటే ఆ తర్వాతి వాక్యం కూడా నేనే చెప్పాలి.

"ఆటల తరుగు లేదన్నా. నేనే పుట్టిచ్చిన."

ఆయన ఇంజను ఆపాడు. ఆ చప్పుడు లేకుండా ఆయనను చూడడం, వినడం నాకదే మొదలు. స్టీరింగు మీద పెచ్చు ఊడిన చోట గోరుతో గీరాడు. తర్వాత మెల్లగా, "కోట కాడ బయట నిలవడ్డ," అన్నాడు. మేఘఖడ్గం ఆ రోజే చేసి ఇస్తానన్నాను. ఆయన తల అడ్డంగా తిప్పాడు.

"నాకొక్కనికి ఇస్తే అది లంచమైతది. ఆదివారం సంఘంల చెప్పు, అందరు ఇనంగ. చెప్తవా?"

చెప్తానన్నాను. "చాయ్ సల్లగైతుంది," అని ఇంజను వేసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం చెప్పాను. నా మాట మధ్యలోనే కుట్టుమిషన్ ఆగింది. కోదాడ అక్క ఒక్క మాటే అంది, "ఆవిరన్నావు కదా తమ్ముడూ." దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది. డాలు చేయించుకున్న కుర్రాడు సంఘం విడిచి పోతానన్నాడు. నన్నే తీసేయమన్నవాళ్లూ ఉన్నారు. చివరికి అక్క తీర్పు చెప్పింది. ఎవరి రాళ్లు వాళ్లకు ముట్టాలి, ముట్టేదాకా అందరి పనీ కూలి లేకుండా చేయాలి, ఆ తర్వాత ఉంచాలా వద్దా చూద్దామని. రాళ్లు నా దగ్గర ఎక్కడున్నాయి, ఎప్పుడో అమ్మేశాను. మళ్లీ అంగడిలో కొనాలి. అంగడిలో ధర చూస్తే ఆకాశంలో ఉంది, అక్కడికి ఎక్కించింది నేనే. ఇల్లు పోయింది, గుర్రం పోయింది, చివరికి టోపీ కూడా వేలం వేశాను. దాన్ని ఎవరో వరంగల్ అతను కొనుక్కుని నా కొలిమి ముందే తిరుగుతుండేవాడు. అందరికంటే చివర ట్రాక్టరన్న తన రెండు వందల రాళ్లతో వచ్చాడు. మేఘఖడ్గం చేసి ఇచ్చాను. ఒక్క రాయి కూడా ఎక్కువ పట్టలేదు. ఆయన కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగ చేసినవ్," అన్నాడు.

కథ అక్కడ ఆగితే నేను బాగుపడ్డానని మీరూ, నేనూ అనుకునేవాళ్లం. నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున ఆట తెరవగానే కంపెనీ వాళ్ల ప్రకటన కనబడింది. ఇకనుంచి కొలిమిలో వేసిన రాళ్లలో కొంత భాగం కాలిపోతుందట. నూటికి రెండు. అంటే నిజంగానే తరుగు. ఇది సంఘానికి చెప్పాల్సింది ఎవరు? కమ్మరే కదా. రెండు రోజులు పరేషాన్ అయి, కొలిమి మూసేద్దామా అని కూడా ఆలోచించి, ఆదివారం నోరు విప్పాను. అందరూ ఒకేసారి నవ్వారు. ప్రకటన ఫోటో తీసి పెడితే కోదాడ అక్క, "ఫోటో కూడా బానే చేశావు తమ్ముడూ," అంది. ఈసారి తరుగును నేనే కంపెనీకి ఉత్తరం రాసి పెట్టించానని డాలు కుర్రాడన్నాడు. నాకు కోపం తెచ్చుకునే హక్కు లేదు. ఒట్టు వేసినా చెల్లదు, నా దగ్గర పాత ఒట్లే బోలెడు.

అప్పుడు ఇంజను చప్పుడు వినబడింది. ట్రాక్టరన్న. కొత్త డాలు చేయించుకోవడానికి ఆయన కొలిమి ముందు నిలబడి ఉన్నాడు.

"నూట రెండు తెచ్చిన తమ్మీ. పట్టు."

ఆ ఫోటో చూశావా అన్నా అని అడిగాను.

"సూడలే. నువ్వు చెప్పినవ్ గదా," అన్నాడు.

తెర మీద నా బొమ్మ సుత్తి ఎత్తింది. టోపీ లేని బోడి నెత్తితో, ఇల్లూ గుర్రమూ లేని ఒట్టి కమ్మరి. ఇవతల కాంటా గదిలో మాత్రం నేను ఫోన్ తెరను చొక్కా అంచుతో మళ్లీ మళ్లీ తుడుచుకుంటూ, ఈ మిల్లులో దుమ్మెక్కువ అని ఎవరూ అడగకుండానే గుమస్తాకు చెబుతున్నాను. అప్పటి నన్ను, ఆ ఇరవై మూడేళ్ల కుర్రవాణ్ని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ నవ్వులో కొంచెం జాలి కూడా ఉంటుంది. నూట రెండు రాళ్లు అంత బరువుంటాయని వాడికి అంతకు ముందు ఏ కాంటా చెప్పలేదు పాపం.