అత్త వేడి, బావ చాయ్, మా ఆయన తలలో గీతలు

ఆ రోజుల్లో మనిషికి జబ్బు చేస్తే కారణం కోసం డాక్టరు దాకా పోవాల్సిన పని ఉండేది కాదు. చుట్టాలే ఇంటికి తెచ్చి ఇచ్చి, చాయ్ తాగి పోయేవాళ్లు. ఎంత దగ్గరి చుట్టమైతే అంత పెద్ద కారణం. పైగా ఎవరు తెచ్చిన కారణం వాళ్లకు ముద్దు. దాన్ని కాదంటే తెచ్చిన మనిషినే కాదన్నట్టు. మా ఆయన జబ్బుకు మా ఇంట్లో పోగుపడినన్ని కారణాలు కాజీపేటలో ఇంకే రైల్వే క్వార్టర్‌లోనూ పడి ఉండవు. (ఇదంతా నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. నా గొంతు మొరటుది. రాతలో అది వినపడదు కాబట్టి మీరు అదృష్టవంతులు.)

మా ఆయన అప్పుడు బొగ్గు ఇంజన్ మీద ఫైర్‌మన్. పారతో బొగ్గు ఎత్తి మంటలో వేసే పని. ఇంకొన్నేళ్లు అలా వేస్తే డ్రైవర్ అవుతాడు. ఆ డ్రైవర్ అనే మాట మీదే మా సంసారం నడిచేది. కొత్త చీర అడిగితే "డ్రైవరైనంక", ఇంటికి సున్నం వేయిద్దామంటే "డ్రైవరైనంక". ఆయనకైతే ఆ ఇంజనే ప్రాణం. డ్యూటీ దిగి వచ్చి ఒళ్లు తోముకునేటప్పుడు కూడా దాని సంగతే చెప్పేవాడు, అదేదో ఇంకో పెళ్లాం అయినట్టు. నేను కూడా సవతి మాట విన్నట్టే మూతి ముడుచుకుని వినేదాన్ని.

అలాంటి మనిషి ఒకనాడు అన్నం తింటూ తింటూ ఆగిపోయాడు. ముద్ద నోటి దాకా వచ్చి నిలిచిపోయింది. కళ్లు నా వైపే ఉన్నాయి, కానీ నన్ను చూడటం లేదు. చెయ్యి ఒకటి రెండు సార్లు అదిరింది, ముద్ద జారి పళ్లెంలో పడింది. "ఏమైందయ్యా?" అని భుజం పట్టి కుదిపితే, కాసేపటికి తేరుకుని, "ఏమైతది? పప్పు వెయ్యి" అన్నాడు. ఏమీ గుర్తులేదు. అప్పటికి నేను భయపడి ఊరుకున్నాను. మళ్లీ కొన్నాళ్లకు షెడ్‌లో, నలుగురూ చూస్తుండగా, చేతిలోని పార వదిలేసి అలాగే నిలబడిపోయాడట. రైల్వే డాక్టర్ వెంటనే డ్యూటీ ఆపేసి, వరంగల్ పెద్ద దవాఖానలో తలకు మిషన్ పెట్టి గీతలు తీయించుకుని రమ్మన్నాడు. గీతల్లో ఫిట్స్ అని తేలితే ఇక ఇంజన్ ఎక్కనివ్వరు. తేలకపోతే మర్నాడే ఎక్కవచ్చు. మా బతుకు ఆ గీతల మీదికి వచ్చి కూర్చుంది.

ఈ వార్త పొక్కిందో లేదో కారణాలు రావడం మొదలైంది. మా అత్తది వేడి. "పొద్దుమాపు మంట ముందట నిలవడితె మెదడు ఉడ్కదా బిడ్డా? తలకు చల్లటి నూనె వెట్టాలె" అని పూటకు ఇంత ఆముదం మాడు మీద పోసి మర్దన చేసేది. పరకాల నుంచి మా పెద్ద బావ దిగాడు. ఆయనది చాయ్. "గా కాంటీన్ల చాయ్ కాదురా అది, ఇసం. నరాలన్ని గుంజుకపోతయ్. బంద్ చెయ్." రఘునాథపల్లి నుంచి మా అమ్మ దిష్టి అంది, తాయెత్తు కట్టింది. పక్క క్వార్టర్ అక్క వంకాయ అంది. ఎవరో ఉత్తరం వైపు తల పెట్టి పడుకోవడం అన్నారు. నేనేం తక్కువ తిన్నానా? నాది బీడీ. (బీడీ వాసన నాకు మొదటి నుంచీ పడదు. దొరికిన అవకాశం ఎందుకు వదలాలి?) అన్నిటికీ ఒకేసారి మందు మొదలుపెట్టాం. చాయ్ బంద్, బీడీ బంద్, వంకాయ బంద్, మంచం తిప్పేశాం, మెడలో తాయెత్తు, జేబులో నిమ్మకాయ, తల నిండా ఆముదం. ఆయన అద్దంలో చూసుకుని, "జబ్బే నయముండె గదనే" అన్నాడు.

మిషన్ రోజు అత్తా నేనూ ఆయన వెంట పోయాం. అక్కడి డాక్టర్ హన్మకొండ మనిషే, సన్నగా, కళ్లద్దాలతో, చెవి వెనక పెన్సిల్ పెట్టుకుని ఉండేవాడు. మేం ఆయనకు గీతల డాక్టర్ అని పేరు పెట్టుకున్నాం. ఆయన మా ఆయన తల మీద చెయ్యి వేసి, తీసి, చెయ్యి వంక చూసుకున్నాడు. "ఇది తలకాయనా, నూనె గానుగనా? తీగలు ఎట్ల అంటుకుంటయ్? పొయి సబ్బుతోని కడిగి తీస్కరా." నల్లా కింద కూర్చోబెట్టి నేను తల రుద్దుతుంటే, కారిపోతున్న ఆముదం వంక అత్త కొడుకు ప్రాణమే కారిపోతున్నట్టు చూసింది.

తర్వాత తల నిండా తీగలు అంటించి మంచం మీద పడుకోబెట్టారు. భగభగ మండే మంట ముందు భయపడని మనిషి, ఆ దారాల్లాంటి తీగలకు వణికిపోయాడు. "ఆమెను ఉండనియ్యుండ్రి సారూ" అని బతిమాలితే నన్ను గదిలో ఉండనిచ్చారు. అత్త బయట. మిషన్ నడిచింది. వరుసగా ఉన్న ముళ్లు గీతలు గీస్తుంటే కాగితం మడతలు మడతలుగా కిందికి దిగుతోంది. ముళ్లు మెల్లగా ఊగినంతసేపు బాగానే ఉంది. ఉన్నట్టుండి అన్నీ ఎగిరాయి. నా గుండె కూడా ఎగిరింది. డాక్టర్ ముందుకు వంగాడు.

"సారూ, అది ఫిట్స్ కాదు, పండ్లు కొరికిండు. నేను చూసిన" అన్నాను గబుక్కున.

డాక్టర్ మా ఆయన దవడ వైపు చూసి, నిజమేనని పెన్సిల్‌తో అక్కడ ఏదో రాశాడు. నాకు ధైర్యం వచ్చింది. ఇంకోసారి ఎగిరితే "కన్ను కొట్టుకున్నది" అన్నాను. అది కూడా రాశాడు. ఇక నేను ఆగలేదు. ఒక ఎగురుడుకు ఫ్యాన్ అన్నాను, ఫ్యాన్ బంద్ చేశారు. తర్వాతి దానికి ఉక్కపోసింది, చెమట అన్నాను. కాలు కదిలించాడన్నాను. తాయెత్తు తీగకు తగిలిందన్నాను. దూరంగా బండి కూత వినపడితే, "ఇంజన్ కూత ఇంటె ఆయనకు పానం అట్ల లేస్తది సారూ" అన్నాను. చివరికి ఏ కారణమూ దొరక్కపోతే ఆకలి అన్నాను. డాక్టర్ పెన్సిల్ ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు.

మిషన్ ఆపాక, "మరి ఏం లేదు గద సారూ, అన్నిటికి కారణం దొరికె" అన్నాను సంబరంగా.

ఆయన మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, కాగితం నా ముందు పరిచాడు. "ఇగో చూడమ్మా. నా దగ్గర ఉన్నది ఒక్క మనిషి, ఒక్క పూట తీసిన కాయితం. నువ్వేమో బుట్టెడు కారణాలు తెచ్చినవ్. గిన్ని కారణాలుంటె ఏ గీతకైన ఒకటి దొర్కుతది. నిజంగ ఫిట్స్ ఉన్నోన్ని తెచ్చి పండవెట్టినా, నువ్వు పక్కన నిలవడితె వానికి సుత ఏం లేదనే తేలుతది."

"గట్లయితె మంచిదే గద సారూ!"

"మంచిదా? వాడు పొయి ఇంజన్ ఎక్కుతడు. ఎనుక డబ్బల నువ్వు కూసుంటవ్."

ఆయన గొంతు తగ్గించి, కాగితం మీద ఒకచోట వేలు పెట్టాడు. "ఇక్కడ చూడు. ఫ్యాన్ బంద్ అయింది, చెమట పట్టింది, కాలు కదిలిచ్చిండు. మూడు ఒక్కసారే వచ్చినయ్. ముగ్గురు కల్సి తిరిగితె దొంగ ఎవడని చెప్పాలె? అట్లని అన్నిటిని కారణమని కొట్టేసుకుంట పోతె, జబ్బు సుత వాటి ఎంబడే కొట్టుకపోతది. తెల్ల కాయితం మిగుల్తది. మల్ల వారం రాండ్రి. కంటికి ఒక తీగ, దవడకు ఒక తీగ వేరే పెడత. అవి కదిలితెనే కారణమని ఒప్పుకుంట. ఫ్యాన్ మొదటి నుంచే బంద్. మిగిలినయన్ని ఇంట్ల ఇడిసిపెట్టి రాండ్రి. చాయ్ తాగేటోడైతె తాగనియ్యి, ఎప్పటి లెక్కనే ఉండాలె. నూనె మాత్రం వద్దు."

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పానో లేదో యుద్ధం మొదలైంది. కారణాలు పెట్టడం సులువేనండీ, తీయడమే కష్టం. ఒక్కో కారణం వెనక ఒక్కో మనిషి ఉంటాడు.

"నా నూనెనే బరువైందా? తొమ్మిది నెలలు మోసిన దాన్ని" అని అత్త కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

"నూనె తియ్యిమన్నడు సరే, చాయ్ పొయ్యిమన్నడా? ఆడు డాక్టరా, హోటలోడా?" అని బావ లేచాడు.

"బావా, ఎప్పటి లెక్కనే ఉండాలన్నడు" అన్నాను.

"గట్లయితె నీ బీడీ సుత ఎప్పటి లెక్కనేనా?"

నేను పొయ్యి ఊదడానికి లేచాను. గోడకు ఆనుకుని కూర్చున్న మా ఆయన మాత్రం ముసిముసిగా నవ్వాడు. "తలకాయ నాది, పంచాది మీది. ముందు గా చాయ్ పొయ్యిండ్రి" అన్నాడు. చాలా రోజుల తర్వాత చాయ్ తాగి, కప్పు కడిగినంత శుభ్రంగా నాకి, బయటికి పోయి బీడీ ముట్టించాడు. ఆ పూట నాకు ఆ వాసన కూడా మంచిగానే అనిపించింది. కానీ రాత్రికి పక్క మీద ఆయన అటు తిరిగి, "తేలితె ఏం జేద్దామే?" అన్నాడు. ఆ వారమంతా మేం మాట్లాడుకున్న అసలు మాట అదొక్కటే. "తేలది. ఫికర్ చెయ్యకు" అన్నాను.

రెండోసారి తల శుభ్రంగా ఉంది, తాయెత్తు లేదు, ఫ్యాన్ లేదు. కంటి మూల ఒక తీగ, దవడ మీద ఒక తీగ. నన్ను గోడ దగ్గర నిలబెట్టి, "ఈసారి నీ నోరు సుత బంద్" అన్నాడు డాక్టర్. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ముళ్లు ఎగిరాయి, కంటి తీగకు కలిపిన ముల్లు కూడా ఎగిరింది, డాక్టర్ ఆ గీత కొట్టేశాడు. ఇంకోసారి ఎగిరాయి, దవడ ముల్లు కూడా ఎగిరింది, కొట్టేశాడు. నాకు లోపల పండగ. ఇలాగే సాగితే రేపే ఇంజన్ ఎక్కుతాడని, డ్రైవరైనాక అడగాల్సిన చీరకు అంచు రంగు కూడా అనుకుంటున్నాను.

అప్పుడు, గదిలో చప్పుడంటూ లేని సమయంలో, ఒక పక్క ముళ్లు మాత్రమే నిటారుగా లేచి పడ్డాయి. కంటి ముల్లు కదల్లేదు. దవడ ముల్లు కదల్లేదు. మళ్లీ అదే చోట, అదే తీరుగా లేచాయి. మా ఆయన ప్రశాంతంగా పడుకుని ఉన్నాడు. నేను కాళ్లు చూశాను, చేతులు చూశాను, కిటికీ చూశాను. బండి కూత కోసం కూడా చెవులు రిక్కించాను, ఆ పాడు బండ్లు ఒక్కటీ కూయలేదు. బుట్టెడు కారణాలున్నదాన్ని, ఒక్కటి దొరకలేదు. ఇక తట్టుకోలేక, కొంగు తీసి, గట్టిగా దగ్గాను. నా గొంతు సంగతి చెప్పాను కదా, గది అదిరింది. ఆ దగ్గును కారణమని రాసుకుంటాడేమోనని.

డాక్టర్ వెనక్కి తిరగలేదు. "అమ్మా, నీ దగ్గు ఎనుక వచ్చింది. గీత ముందు వచ్చింది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తిరిగి కొట్లాడేదాన్ని.

మా ఆయన ఇంజన్ దిగిపోయాడు. గోళీలు రాసిచ్చారు, లైట్ డ్యూటీ కింద స్టోర్‌లో దీపాలు, సామాన్లు ఇచ్చే పనిలో వేశారు. అత్త నూనె కడిగినందుకే అంది, బావ చాయ్ పోసినందుకే అన్నాడు. నేను మాత్రం చాలా కాలం ఆ డాక్టర్‌నే తిట్టుకున్నాను. ఒక ఎండాకాలం మా ఆయన గోళీలు అయిపోయి, తెచ్చుకోవడానికి బద్ధకించి ఊరుకున్నాడు. అప్పుడు ఇంటి ముందు మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు ఒరిగాడు. నేల మీద మెత్తటి మట్టి ఉంది, పక్కన నేనున్నాను. తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ మట్టి ఉన్నచోట నాకు ఇంజన్‌లో మండే కొలిమి నోరు కనపడింది. ఆ తర్వాత డాక్టర్‌ను తిట్టలేదు. మా ఆయన మాత్రం చివరి దాకా స్టోర్ మనిషి కాలేకపోయాడు. కూత వినపడితే ఏ పనిలో ఉన్నా చెయ్యి ఆగేది. అది జబ్బు ఆపడం కాదని నాకు తెలుసు కాబట్టి, పలకరించకుండా ఊరుకునేదాన్ని.

బొగ్గు ఇంజన్లు పోయే కాలంలో, యార్డులో మూలకు పెట్టిన ఒకదాన్ని చూపిస్తానని నన్ను తీసుకుపోయాడు. తుప్పు పట్టి, గడ్డి మొలిచి ఉంది. వద్దన్నా వినకుండా ఎక్కాడు. నేనూ చీర ఎగదోపుకుని వెనకే ఎక్కి, ఆయన చొక్కా వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాను. ఆయన డ్రైవర్ నిలబడే చోట నిలబడి, బండిని కదిలించే రెగ్యులేటర్ పిడి మీద చెయ్యి వేసి, చాలాసేపు పట్టాల వైపు చూశాడు. తర్వాత వెనక్కి చూసి, "ఇడువరాదే, దీంట్ల నిప్పెక్కడిది?" అన్నాడు. నేను వదల్లేదు. ఆయన పోయి ఇన్నేళ్లయింది. చల్లారిపోయిన ఇంజన్ మీద, కదలని చక్రాల మీద, మొగుణ్ని రెండు చేతులా చొక్కా పట్టుకుని కాపాడుతున్న ఆ వెర్రిదాన్ని తలుచుకుంటే, ఈ వయసులో కూడా నాకు నవ్వొస్తుంది.