పెళ్ళికొడుకు కారు దిగలేదు

పెళ్ళికొడుకులు గుర్రం దిగుతారు, కారు దిగుతారు, ఈ మధ్య ట్రాక్టరు దిగినవాళ్ళూ ఉన్నారు. నేను మాత్రం ఎమ్మిగనూరు షాదీఖానా ముందు కారు వెనక అద్దంలోంచి తలకిందులుగా ఊడిపడ్డాను. అంతకుముందే కాబోయే మామగారిని నడివీధిలో కంటతడి పెట్టించాను. ఒక్క పూటలో ఇన్ని ఘనకార్యాలెలా చేశానంటారా? అంతా నా నోటి చలవ.

అప్పట్లో ఆదోనిలో నాకు కార్ల వైరింగ్ షాపు ఉండేది. ఎవరో పత్తి వ్యాపారి వదిలించుకున్న పాత కారు కొని పెళ్ళికూతురిలా ముస్తాబు చేశాను. అద్దాలు దించడానికి బటన్లు, నాలుగు తలుపులకూ కలిపి ఒకే రిమోట్ లాకు, అన్నీ నేనే బిగించాను. నా పెళ్ళికి ఆ కారు నేనే నడుపుకుంటూ పోతానని పట్టుబట్టాను. చుట్టాలంతా వెనక బస్సులో. నా పక్కన మా దాదీ, అంటే నాన్నమ్మ, అత్తరు వాసనతో, చేతిలో జపమాలతో కూర్చుంది.

"టయానికి పోతామా నాయనా?"

"పోతామా ఏంది దాదీ? నిఖాకు గంట ముందే ఆడ దిగుతా సూడు."

"ఇన్షా అల్లా అను. ఆయన తలిస్తేనే ఏదైనా."

"ఆయనకు లోకమంతా పనులుంటాయి దాదీ. ఈ కారు సంగతి నేను సూసుకుంటాలే. దీంట్లో ప్రతి వైరూ నా సేత్తో ఏసిందే."

"తౌబా తౌబా" అని దాదీ చెంపలు వేసుకుని, కిటికీలోంచి పత్తి చేల వైపు తిరిగింది.

కారు వెన్నలా పరిగెత్తింది. బస్సును ఎక్కడో వదిలేసి షాదీఖానా ముందు ఆగాం. బ్యాండువాళ్ళు అందుకున్నారు. నేను తలకు కట్టిన సేహరా పూలు సర్దుకుని, దర్జాగా ఇంజను ఆపి, తలుపులు తెరుద్దామని రిమోట్ నొక్కాను. టక్! ఉన్న లాకు గట్టిగా బిగుసుకుంది. మళ్ళీ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అద్దాల బటన్లూ, లోపలి హ్యాండిళ్ళూ చచ్చిపోయాయి.

"దిగు నాయనా" అంది దాదీ.

"దిగుతా దాదీ."

"ఎప్పుడు?"

బయట బామ్మర్ది యూసుఫ్ తలుపు లాగుతున్నాడు. బ్యాండు మోతలో నా కేకలు ఎవరికీ వినపడవు. లాకు పడిందని చెప్పడానికి తాళం తిప్పినట్టు చెయ్యి తిప్పి చూపించాను. అక్కడే కొంప మునిగింది.

"అబ్బా, కొత్త కారు కావాలంట!" అని ఎవరో అరిచారు. "అలిగి కూసున్నాడు, దిగడంట!"

కాదు కాదని రెండు చేతులూ ఊపాను. "అదీ సాలదంట!" అన్నారు.

మగ్గాల మీద బట్టలు నేయించి అమ్ముకునే మనిషి మా మామ. ఆయన ముఖం పాలిపోయింది. కారు దగ్గరకొచ్చి, కన్నీళ్ళతో చేతులు జోడించాడు. నా నవ్వూ, పొగరూ ఆ క్షణంలోనే ఆవిరైపోయాయి. అద్దానికి నోరు ఆనించి, ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాను.

"నాకేమీ వద్దు మామా! లాకు పడింది! తలుపు రాల్యా!"

ఆయన అద్దానికి చెవి పెట్టి విన్నాడు. రోడ్డు మీదే చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. యూసుఫ్ వెనక అద్దం రబ్బరు పీకి అద్దం ఊడదీశాడు. ముందు ఆడవాళ్ళంతా కలిసి దాదీని పత్తి మూటలా భద్రంగా దించుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ పట్టుకోలేదు.

దాదీ చెప్పిన మాట అననందుకే ఇలా అయిందన్న భయం తగ్గకుండానే నిఖాకు కూర్చున్నాను. ఖాజీగారు "కబూలేనా? ఈ పెళ్ళి నీకు సమ్మతమేనా?" అని అడిగారు. నేను తల వంచుకుని, భక్తిగా, "ఇన్షా అల్లా" అన్నాను.

ఖాజీగారు తలెత్తి నన్ను ఎగాదిగా చూశారు.

"ఈడ 'చూద్దాం' అనేది లేదప్పా" అన్నారు ఖాజీగారు. "కబూల్ అని సెప్పు!"

పరదా వెనకనుంచి దాదీ నవ్వు వినిపించింది. పళ్ళు లేని నోటితో, ఊపిరాడకుండా నవ్వింది. ఆమె పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ ఆ రోడ్డున పోతుంటే పక్క సీటు ఖాళీగా ఉండటం నాకు అలవాటు కాలేదు.

అందుకే మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: మళ్ళీ నా పెళ్ళికి సొంత కారులో ఛస్తే పోను.

ఇది రాస్తుంటే మా ఆవిడ భుజం మీదుగా చదివింది.

"ఒట్టు బాగానే ఉండాది. ముందు ఆ 'మళ్ళీ' కొట్టెయ్."